చూసింది చేతికెక్కాలంటే: చెన్నైలో రోజుకో కొత్త ఆలోచన పట్టుకునే పద్ధతి

మీ ఫోన్ తీసి, మీరు దాచుకున్న బొమ్మలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. ఎంబ్రాయిడరీ డిజైన్లు, పాత సీసాలకు రంగులేసిన వీడియోలు, కాగితం పూలు, జాకెట్టు చేతుల మీద అద్దాల పని, ముగ్గులు, మట్టి దీపాలు. వందల్లో ఉంటాయి. నా దగ్గరా అలాగే ఉండేవి. వాటిలో ఒక్కటైనా చేశానా అని ఒకరోజు లెక్క చూసుకుంటే ఏమీ తేలలేదు. ఆదివారం తీరిగ్గా కూర్చుంటే ఏం చెయ్యాలో తోచేది కాదు. ఇన్ని చూసి కూడా ఒక్క ఆలోచన రాదేమిటని నిజంగా బాధపడ్డాను.

లోపం ఎక్కడుందో తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. చూస్తున్నాను, దాస్తున్నాను, కానీ చేత్తో గీయడం లేదు. ఫోన్లో చూసింది సాయంత్రానికి మరిచిపోతాం. అదే వంకరో టింకరో ఒక్కసారి గీస్తే నెల తరవాత కూడా వేళ్ళకు గుర్తుంటుంది. ఇది పట్టుబడ్డాక ఆదివారాలు ఖాళీగా పోలేదు. ఆఫీసు, వంట, పిల్లల హోమ్‌వర్క్ మధ్య ఈ ఊళ్ళో నెట్టుకొస్తున్న మన తెలుగువాళ్ళకు పనికొస్తుందని ఆ పద్ధతి రాస్తున్నాను. రోజుకు 20 నిమిషాలు చాలు.

ముందు ఒక నోట్‌బుక్

అందమైనది కొనకండి. ఖరీదైన పుస్తకంలో గీత తప్పితే పాడైపోతుందని చెయ్యి రాదు. గీతల్లేని తెల్లకాగితం ఉండాలి, హ్యాండ్‌బ్యాగులో పట్టాలి, అంతే. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి నిండా కాగితం దుకాణాలే. అక్కడ విడి కాగితాలు కొనుక్కుని, మధ్యకు మడిచి, మడత మీద మూడు చిల్లులు పొడిచి, గట్టి దారంతో నేనే కుట్టుకుంటాను. పెన్సిల్‌ను కూడా ఆ దారానికే కట్టేయండి. లేకపోతే కావలసినప్పుడు దొరకదు.

ప్రతి పేజీ పైన మూడు రాయాలి: తేదీ, ఎక్కడ చూశారు, అందులో మీకేం నచ్చింది. ఈ మూడోదానికి కొంచెం ఓపిక పట్టండి. "బాగుంది" అని రాస్తే తరవాత ఎందుకూ పనికిరాదు. "మూల తిరిగేచోట తీగ సన్నబడింది", "పసుపు పక్కన ఊదా రంగు, మధ్యలో సన్నటి నల్ల గీత" అని రాయండి. నచ్చినదానికి కారణం మాటల్లో పెట్టాలంటే రెండోసారి చూడక తప్పదు. చాలామందికి ఆ రెండోసారి చూపులోనే ఆలోచన తడుతుంది.

మొదటి పాఠం గుమ్మం ముందే ఉంది

మ్యూజియానికి, ఎగ్జిబిషన్‌కు తరవాత వెళ్దాం. చెన్నైలో ఉన్నవాళ్ళకు ప్రతి ఉదయం ఉచితంగా దొరికే బొమ్మల కొలువు ఒకటుంది, అదే వీధిలోని కోలాలు, అంటే తమిళుల ముగ్గులు. మనకు ధనుర్మాసం, వీళ్ళకు మార్గళి. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మైలాపూర్ మాడవీధుల్లో పొద్దున్నే నడిస్తే పది గడపలకు పది రకాలు కనిపిస్తాయి. జనవరిలో మైలాపూర్ ఫెస్టివల్‌కు ఉత్తర మాడవీధిలో కోలం పోటీ కూడా పెడతారు. ముగ్గులు వేసేది పెద్దవాళ్ళే కాదు, కుర్రవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు.

పెరంబూర్‌లో మా ఎదురింటావిడ మెలికల ముగ్గు వేస్తారు. వీళ్ళు సిక్కు కోలం అంటారు. ఒకరోజు పాలప్యాకెట్టు కోసం బయటికొచ్చి అది చూసి, "అక్కా, ఒక ఫోటో తీసుకోనా" అని అడిగాను. ఆవిడ తల ఎత్తకుండానే, "ఫోటో ఎందుకుమ్మా, పుళ్ళి వై" అన్నారు. చుక్కలు పెట్టు అని. చిటికెడు బియ్యప్పిండి నా చేతిలో పోశారు.

మధ్య వరుసలో 5 చుక్కలు, పైనా కిందా 4, ఆ తరవాత 3. మొత్తం 19. రెండు చుక్కల సందులో పై వరుస చుక్క పడుతుంది కాబట్టి మనం సందు చుక్క అంటాం, ఆవిడ ఇడుక్కు పుళ్ళి అన్నారు. గీత చుక్కను తాకకూడదు, చుట్టూ తిరగాలి. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నలుపుతూ వదులుతుంటే గీత సన్నగా ఒకే మందంతో వచ్చింది. నా గీత ఒకచోట కుప్ప, ఇంకోచోట ఖాళీ. పిండి ఎక్కువ పట్టుకోవద్దు, చెయ్యి ఆపొద్దు అని రెండే మాటలు చెప్పారు. మూడో మలుపు దగ్గర నా గీత తొందరగా వచ్చి కలిసిపోయింది, రెండు చుక్కలు బయట మిగిలాయి. చెరిపేద్దామని చెయ్యి పెట్టబోతే ఆపారు. గీతలు ఒకదాన్నొకటి దాటే చోటు ఒక్కటి మాత్రం వేలితో తుడిచి, అక్కడ దాటకుండా రెండు గీతలనూ చెరో పక్కకు వంచారు. బయట మిగిలిన చుక్కలు లోపలికొచ్చేశాయి. ముగ్గు రూపం మొత్తం మారిపోయింది.

ఇదే మీ మొదటి వారం అభ్యాసం. నోట్‌బుక్‌లో 19 చుక్కలు పెట్టి ఒక మెలిక గీయండి. మర్నాడు అవే చుక్కలు, అదే మెలిక, కానీ ఒక్క దాటు దగ్గర గీతలను వంచెయ్యండి. మూడోనాడు ఇంకోచోట వంచండి. వారం తిరిగేసరికి ఒకే ముగ్గుకు ఏడు రూపాలు మీ చేతిలో ఉంటాయి. కొత్త ఆలోచన అంటే ఎక్కడినుంచో ఊడిపడాలని మనకు ఒక భ్రమ ఉంటుంది. ఉన్నదాంట్లో ఒక్కచోట మార్చి చూడటం చేతనైతే ఆ టెన్షన్ పోతుంది. ఈ అలవాటును తరవాత అల్లికలకు, చీర అంచులకు, కేకు మీద క్రీముకు కూడా వాడుకోవచ్చు.

ఎవరి గుమ్మం ముందైనా గీసుకునేముందు ఒక మాట అడగండి. కాదనేవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు. పైగా నేర్పించేస్తారు.

ఫోన్‌ను ఎలా వాడుకోవాలి

ఫోన్ మానేయమని నేను చెప్పను. ఒకప్పుడు లండన్ వెళ్తే తప్ప చూడలేని వస్త్రాలను ఇవాళ పెరంబూర్‌లో కూర్చుని దారపు పోగు దాకా పెద్దది చేసి చూస్తున్నాం. కాకపోతే దానికి హద్దులు పెట్టుకోవాలి.

రోజుకు ఒకే ఒక్క బొమ్మ ఎంచుకోండి. ఎంచుకున్న రోజే గీయండి. గీయనిది రాత్రి పడుకునేముందు తీసేయండి. మొదట్లో ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగు రోజులయ్యాక, ఏది ఎంచుకోవాలో ముందే ఆలోచించుకుని చూడటం మొదలుపెడతారు.

పిన్‌టరెస్ట్, ఇన్‌స్టాగ్రామ్‌లలో తిరిగి తిరిగి వచ్చేవి చాలావరకు నకలుకు నకళ్ళు. అందుకని బొమ్మ నచ్చితే గూగుల్ లెన్స్‌లో పెట్టి అసలు ఎవరిదో వెతకండి. ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. ఏఐతో పుట్టించిన క్రోషే బొమ్మలు, ఎంబ్రాయిడరీలు అచ్చం నిజంవాటిలాగే తిరుగుతున్నాయి. వాటిని చూసి దారం కొనుక్కుని కూర్చుంటే ఎంతకీ రావు, తప్పు మనదేనేమో అనుకుంటాం. అనుమానం వస్తే బొమ్మను పెద్దది చేసి ఒక్క పోగును వేలితో వెంబడించండి. అది ఎక్కడ మొదలై ఎటు వెళ్ళిందో తెలియకుండా మధ్యలో మాయమైతే దాని జోలికి పోకండి.

నేను ఎక్కువగా వెళ్ళేది మ్యూజియాల వెబ్‌సైట్లకు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కాపీరైట్ తీరిపోయిన వస్తువుల ఫోటోలను 2017 నుంచి ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసి వాడుకోవడానికి వదిలింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైట్‌లో కోరమాండల్, చింట్జ్ అనే రెండు మాటలు ఇంగ్లీషులో కొట్టండి. 17, 18 శతాబ్దాల్లో మన తీరం నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్ళిన అద్దకం బట్టలు కుప్పలుగా వస్తాయి. మన అమ్మమ్మలు చీటిగుడ్డ అనే మాట వాడేవారు కదా, ఆ వంశమే. మచిలీపట్నం వైపు నుంచి వెళ్ళినవీ వాటిలో ఉన్నాయి. దుప్పటి మొత్తం గీయాలని చూడకండి. ఒక ఆకు, దాని ఈనెల మధ్య నింపిన చిన్నచిన్న గళ్ళు, చారలు, చుక్కలు. ఒక్క ఆకులో మూడు నాలుగు రకాల నింపుళ్ళు కనిపిస్తాయి. అవి గీసుకుంటే ఒక వారం గడిచిపోతుంది.

ఎగ్మోర్ మ్యూజియంలో ఒక్క రాయి ముందు గంట

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు. పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో పెట్టింది. శుక్రవారం సెలవు. ఎగ్మోర్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. చాలామంది పిల్లలను తీసుకుని వెళ్ళి, రెండు గంటల్లో అన్నీ చుట్టేసి, కాళ్ళనొప్పులతో ఇంటికొస్తారు. అలా వెళ్ళకండి. ఒక్క వస్తువు కోసం వెళ్ళండి.

ఆ వస్తువు ఏదని అడిగితే అమరావతి రాళ్ళ దగ్గరికి పంపిస్తాను. అప్పటి గుంటూరు జిల్లాలోని అమరావతి స్తూపం దగ్గర 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాల్లో కొన్ని 1859లో లండన్ వెళ్ళిపోయాయి. చెన్నైలో ఉన్నవి మన పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. కృష్ణ ఒడ్డున పుట్టిన పని ఎగ్మోర్‌లో మనకు రైలు దూరంలో ఉంది.

వాటిలో నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం వెతకండి. ముందు పెన్సిల్ తియ్యకుండా ఐదు నిమిషాలు ఊరికే చూడండి. ఎడమ పక్కన ఏనుగు వీధిలోకి విరుచుకుపడుతుంది, ఒక మనిషిని తొండంతో పట్టేసింది. జనం చెల్లాచెదురు. ఒకామె భయంతో పక్కవాడిని పట్టుకుని వాలిపోయింది. పైన కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తున్నారు. చూపు కుడివైపుకు జరిపితే అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ముందు జరిగింది, తరవాత జరిగింది, రెండూ ఒకే వృత్తంలో. మధ్యలో గీత లేదు, గోడ లేదు. జనం వంగిన తీరే మన కంటిని ఇటునుంచి అటు నడిపిస్తుంది.

ఇప్పుడు గీయండి. ముఖాలు, నగలు వద్దు. ఒక పెద్ద వృత్తం గీసి, అందులో ఎవరు ఎటు వంగారో ఒక్కొక్కరికి ఒక్కో గీత చొప్పున పెట్టండి. నేను మొదటిసారి ఏనుగు చెవి దగ్గరే అరగంట తగలేశాను, తక్కినదంతా మిగిలిపోయింది. రెండోసారి వంపులు మాత్రమే గీశాను. ఇంటికొచ్చి చూస్తే 14 గీతలు, అంతే. కానీ ఆ ఫలకంలో హడావుడి అంతా ఆ గీతల్లో ఉంది. తరవాత మా పాప పుట్టినరోజు కార్డుకు అదే అమరిక వాడాను. ఎడమవైపు దీపాలు ఆర్పుతున్న పిల్లల గుంపు, కుడివైపు కేకు తిని సోఫా మీద పడి నిద్రపోతున్న గుంపు, అదే వృత్తంలో.

ఇంటికొచ్చాక బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో అమరావతి అని వెతికి, అక్కడికి వెళ్ళిన అన్నదమ్ముల రాళ్ళను కూడా చూడండి. ఎదుట నిలబడి చూసిన కళ్ళకు ఆ ఫోటోలు చాలా ఎక్కువ చెప్తాయి. అందుకే ముందు ఎగ్మోర్, తరవాతే ఫోన్.

రంగును చేత్తో పుట్టించండి

బొమ్మలు గీసీ గీసీ విసుగు పుట్టిన వారం పెన్సిల్ పక్కన పెట్టి ఈ పని చెయ్యండి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీస్తారు. బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలోని వగరు, ఇనుపనీళ్ళు కలిస్తే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత బట్ట మీద పాకిపోదు.

ఇంట్లో కాగితం మీద చిన్నగా చూడొచ్చు. తుప్పు పట్టిన మేకులు నాలుగైదు గాజుసీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పొయ్యండి. మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. గుడ్డ కట్టి బాల్కనీలో పెట్టి నాలుగైదు రోజులు వదిలేయండి. ఇంకో పక్క టీపొడి బాగా మరిగించి, చిక్కటి డికాక్షన్‌ను మందపాటి కాగితానికి రెండుసార్లు పూసి ఆరబెట్టండి. ఓపిక ఉంటే టీకి బదులు కరక్కాయపొడి రాత్రంతా నానబెట్టిన నీళ్ళు పూయండి, ఇంకా చక్కగా వస్తుంది. కరక్కాయ కోసం నాట్టు మరుందు కడైకి, అంటే నాటుమందుల దుకాణానికి వెళ్ళి కడుక్కాయ్ అని అడగాలి. మన పేరు చెప్తే వాళ్ళకు అర్థం కాదు.

కలం కూడా మీరే చేసుకోండి. జానెడు వెదురుపుల్లను ఒక కొసన పదునుగా చెక్కి, కొసకు రెండు వేళ్ళ పైన పాత ఉన్ని దారం ఉండలా చుట్టి, నూలుదారంతో బిగించండి. ఆ ఉండను ఇనుపనీళ్ళలో ముంచి, గీసేటప్పుడు వేళ్ళతో కొద్దికొద్దిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే మరక పడుతుంది, నొక్కకపోతే గీత తెగుతుంది. గీసిన క్షణంలో నీళ్ళలాగే కనబడుతుంది. చూస్తుండగానే బూడిదరంగు, ఆ వెంటనే నలుపు. మా ఇంటికొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఇది చూసి "మళ్ళీ, మళ్ళీ" అన్నారు. పిల్లలు చేస్తుంటే పక్కనే ఉండండి, వంటగిన్నెలు వాడకండి, మంచి బట్టల మీద ప్రయోగం చెయ్యకండి. ఇనుపనీళ్ళు ఎక్కువైతే నూలు పోగు కాలక్రమంలో చివికిపోతుంది.

ఒక్క సాయంత్రం ఆ కలం పట్టాక శ్రీకాళహస్తి వెళ్ళి రండి. చెన్నై నుంచి పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయవచ్చు. చింతపుల్లల బొగ్గుతో రూపం గీసి, దాని మీద తడబడకుండా నల్ల గీత లాగే చేతులను అప్పుడు మీరు చూసే చూపే వేరుగా ఉంటుంది. బేరమాడటానికి కూడా మనసొప్పదు. అంత దూరం వీలుకాకపోతే ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఉంది. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే మ్యూజియంలో మన తీరప్రాంతం చుట్టిల్లు, ఇక్కత్ నేత ఇల్లు తెచ్చి నిలబెట్టారు, మంగళవారం మూసి ఉంటుంది. అదే దారిలో ఇంజంబాక్కం దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో మొదలైంది. అక్కడి కళాకారులు తొలిరోజుల్లో బాతిక్ (మైనం అద్దకం) బట్టలు చేసి అమ్ముకుంటూ తమ బొమ్మలు వేసుకునేవారు.

ఆదివారం రెండు పేజీలు కలపండి

వారంలో గీసినవాటిలోంచి సంబంధం లేని రెండు పేజీలు తెరవండి. వాటిని కలిపి ఒక వస్తువు చెయ్యాలి. పూర్తిచేయగలిగినంత చిన్నది: పుస్తకంలో పెట్టుకునే గుర్తు, కుండీ అంచు, జేబురుమాలు మూల, టిఫిన్ డబ్బా సంచి. గోడంత బొమ్మ వద్దు. రెండు గంటల్లో అయిపోయేది ఎంచుకుంటే వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చోబుద్ధవుతుంది. సగంలో ఆగిపోయిన పెద్ద పని బీరువాలోంచి మనల్ని నెలల తరబడి గుచ్చుతూనే ఉంటుంది.

నేను చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒక గుడ్డసంచి. ఎదురింటావిడ నేర్పిన 19 చుక్కల మెలికను కాడకుట్టుతో వేశాను. ఆ మెలికల మధ్య ఖాళీల్లో లండన్ మ్యూజియం చీటిగుడ్డ ఆకులో చూసిన చారలు, గళ్ళు నింపాను. రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం మధ్యలో ఎర్రదారం అయిపోయింది, దుకాణాలు మూసేశారు. ఇంట్లో ఉన్న ఇటుకరంగు దారంతో కానిచ్చాను. ఆ రంగు మారినచోటే అందరి చూపూ ఆగుతోంది. ఇప్పుడు కావాలనే ప్రతి పనిలో ఒకచోట దారం మారుస్తున్నాను.

ఏమీ తోచని రోజులు వస్తాయి. జ్వరం, ఆఫీసులో నెలాఖరు, పిల్లల పరీక్షలు. ఆ రోజుల్లో తేదీ వేసి, చేతికందిన వస్తువు ఒకటి గీసి వదిలేయండి: ఫిల్టర్ కాఫీ డవరా, కరివేపాకు రెమ్మ, చెప్పు. రెండు నిమిషాల పని. పేజీ ఖాళీగా వదలకపోతే చాలు.

చేసినదాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు ఎక్కడినుంచి తీసుకున్నారో తప్పకుండా రాయండి. మ్యూజియం వస్తువైతే మ్యూజియం పేరు, ఇప్పుడు బతికి పనిచేస్తున్న కళాకారుడిదైతే ఆయన పేరు. నేర్చుకోవడానికి ఎంతైనా నకలు చేసుకోవచ్చు, అమ్మాలనుకుంటే మాత్రం ముందు వాళ్ళను అడగాలి. నోట్‌బుక్‌లో ప్రతి పేజీ మీద ఊరూ తేదీ రాసి ఉంటాయి కనుక ఇది కష్టం కాదు. నా సంచి లోపలివైపు మూలన కూడా సన్నటి కుట్టుతో రాసుంది: "చుక్కలు పెరంబూర్ ఎదురింటి అక్కవి, చారలు కోరమాండల్ చీటిగుడ్డవి." ఆవిడకు చూపిస్తే చదివి చెప్పమన్నారు. విన్నాక సంచి తిరగేసి చుక్కలు లెక్కపెట్టుకుని, రేపు 7 నుంచి 4 వరకు పెడదాం, 37 అవుతాయి, పొద్దున్నే త్వరగా రా అన్నారు.